ఏ ఊళ్లో ఎంత మిగులుతుంది?

కడప జిల్లా తొండూరు మండలంలో ఒక ఇల్లు అనుకుందాం. డిగ్రీ ముగించిన కొడుక్కి రెండు చోట్ల పని దొరికింది. బెంగళూరులో నెలకు 30 వేలు. హైదరాబాదులో 25 వేలు. "ముప్పై వేలిచ్చే చోటికే పో నాయనా, ఇంకా ఆలోచన దేనికి?" అని తండ్రి అంటాడు. తల్లి మాత్రం వేరే మాట అడుగుతుంది. "ఆడ బాడుగ ఎంతంట? తిండికెంత పడుతుందంట?"

ఈ పూట ప్రసంగమంతా ఆ తల్లి అడిగిన ప్రశ్న గురించే.

మన ప్రాంతానికి ఇది కొత్త ప్రశ్న కాదు. ఎర్రగుంట్ల రైల్వే స్టేషన్లో ఒక దిక్కు పోయే బండి గుంతకల్లు మీదుగా ముంబై చేరుతుంది. ఎదురు దిక్కు పోయేది రేణిగుంట మీదుగా చెన్నై చేరుతుంది. పులివెందులలో బస్సెక్కితే కదిరి మీదుగా బెంగళూరు. రాత్రి బస్సులో పడుకుంటే తెల్లారేసరికి హైదరాబాదు. ఇన్ని మహానగరాలు అందుబాటులో ఉన్న పల్లెలు మనవి. ఏ ఊరి ఖర్చు ఏ తీరుగా ఉంటుందో తెలుసుకుని బయలుదేరడం మంచిది కదా.

ముందు ప్రొద్దుటూరు పోదాం. అక్కడి బంగారు అంగళ్లకు. ప్రొద్దుటూరుకు రెండో ముంబై అని పేరు. ఆ పేరు తెచ్చింది బంగారం వ్యాపారమే. ప్రొద్దుటూరులో ఈ రోజు గ్రాము బంగారం ధరకూ, ముంబై జవేరీ బజారు ధరకూ ఎంత తేడా ఉంటుంది? దాదాపు ఏమీ ఉండదు. తరుగు దగ్గరా, మజూరీ దగ్గరా కాస్త అటూ ఇటూ కావచ్చు. బంగారం ధర మాత్రం ఒక్కటే. జీఎస్టీ కూడా ఒక్కటే, నూటికి 3 రూపాయలు. ఎందుకంటే బంగారం కదిలే సరుకు. ఒక ఊళ్లో చౌకగా, ఇంకో ఊళ్లో ప్రియంగా ఉంటే వ్యాపారి చూస్తూ కూర్చోడు. చౌకగా ఉన్నచోట కొంటాడు, ప్రియంగా ఉన్నచోట అమ్ముతాడు. అట్లా కొంటూ అమ్ముతూ ఉంటే రెండు ధరలూ ఒక దగ్గరికి వచ్చేస్తాయి.

సబ్బు బిళ్ల సంగతీ అంతే. టీ పొడి పొట్లం, పిల్లల బిస్కెట్లు, పళ్ల పేస్టు. వీటి మీద గరిష్ఠ చిల్లర ధర అచ్చువేసి ఉంటుంది. తొండూరు అంగట్లో ఏ ధర ఉందో ముంబై అంగట్లోనూ అదే. సెల్‌ఫోన్ రీఛార్జీకి కూడా పల్లె రేటు, పట్నం రేటు అని వేరువేరుగా లేవు. నెలకు పదివేలు సంపాదించే కుటుంబమూ, లక్ష సంపాదించే కుటుంబమూ ఆ టీ పొడి పొట్లానికి ఒకే డబ్బు పెడతాయి. పల్లెలో బతుకు చౌక అనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతుంటారు.

మరి తొండూరులో ఉన్న మిద్దెను బెంగళూరుకు తీసుకుపోగలమా? పోలేం. బెంగళూరులో ఇల్లు దొరకడం కష్టమైనప్పుడు తొండూరులో ఖాళీగా ఉన్న గది అక్కడి కుటుంబానికి అక్కరకు రాదు. ఇల్లు కదలదు. నేల కదలదు. మంగలి అంగట్లో క్షవరం, హోటల్లో వండి వడ్డించే మనిషి పని, ఆటో కిరాయి కూడా కదిలేవి కావు. ఎక్కడివి అక్కడే.

ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. కదిలే సరుకు ధర అన్ని ఊళ్లలో ఇంచుమించు ఒక్కటే. కదలని వాటి ధరే ఊరికీ ఊరికీ మారిపోతుంది. కదలని వాటిలో అన్నిటికన్నా పెద్దది ఇల్లు.

ఇప్పుడు ఆ పిల్లాడి లెక్కకు వద్దాం. ఇవన్నీ అనుకున్న అంకెలే. మీ ఇంట్లో మీ అంకెలు వేసుకోండి. బెంగళూరులో చిన్న ఇంటికి నెలకు 12 వేలు బాడుగ అనుకుందాం. హైదరాబాదులో 9 వేలు. ఇంటి యజమానికి అడ్వాన్సు కూడా కట్టాలి. బెంగళూరులో పది నెలల బాడుగ అడ్వాన్సుగా అడగడం పాత ఆనవాయితీ. ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలకు దిగింది. హైదరాబాదులో మామూలుగా రెండు నెలలు అడుగుతారు. బెంగళూరులో ఆరు నెలలే అనుకున్నా 72 వేలు. హైదరాబాదులో రెండు నెలలకు 18 వేలు.

అడ్వాన్సు తిరిగొచ్చే డబ్బే కదా అంటారేమో. తిరిగొస్తుంది, నిజమే. కానీ మన ఇళ్లలో ఆ డబ్బు ఎక్కడిది? చాలామంది అప్పు తెస్తారు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అనుకోండి. 72 వేలకు నెలకు 1,440 రూపాయల వడ్డీ. 18 వేలకు 360. అంటే అడ్వాన్సు పేరుతో ప్రతి నెలా ఇంకో బాడుగ కడుతున్నట్టే. దానికి రసీదు ఉండదు, లెక్కలోకి ఎవరూ తీసుకోరు.

కూడి చూడండి. బెంగళూరు 30 వేలలో బాడుగ, వడ్డీ పోను 16,560 మిగిలాయి. హైదరాబాదు 25 వేలలో అవే పోను 15,640 మిగిలాయి. మొదట కనిపించిన తేడా 5 వేలు. ఇప్పుడు మిగిలిన తేడా 920 రూపాయలు. ఇంకోసారి చెబుతాను. ఐదు వేల తేడా వెయ్యికి లోపు పడిపోయింది. పిల్లాడు ఇంకా బస్సెక్కలేదు, అన్నం తినలేదు.

2021లో కేంద్ర ప్రభుత్వం ఒక నమూనా అద్దె చట్టాన్ని రాష్ట్రాలకు పంపింది. నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించకూడదని అందులో ఉంది. అది నమూనా మాత్రమే, అమలు చేయాల్సింది రాష్ట్రాలు. ఆ ఒక్క నియమం అన్ని నగరాల్లో గట్టిగా నిలబడితే, అప్పు చేసి ఊరు దాటే కుటుంబాలకు అంతకన్నా మేలు ఇంకొకటి ఉండదు.

ఏ ఊరు ఎంత ఖరీదో ప్రభుత్వానికి తెలియదా? ఒక కొలత ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఇంటి బాడుగ భత్యం, అంటే హెచ్ఆర్ఏ. ఏడో వేతన సంఘం లెక్కలో ఊళ్లను ఎక్స్, వై, జెడ్ అని మూడు తరగతులు చేశారు. 50 లక్షల జనాభా దాటితే ఎక్స్. 5 లక్షల నుంచి 50 లక్షల దాకా వై. అంతకన్నా చిన్నవన్నీ జెడ్. 2024 జనవరి నుంచి మూల వేతనం మీద నూటికి 30, 20, 10 చొప్పున భత్యం. మూల వేతనం 18 వేలున్న ఉద్యోగికి ప్రొద్దుటూరులో 1,800 వస్తే, విజయవాడలో 3,600, హైదరాబాదులో 5,400 వస్తుంది.

ముంబైలో? అదే 5,400. చెన్నైలో, బెంగళూరులో కూడా అంతే. ముంబై బాడుగా హైదరాబాదు బాడుగా ఒకటేనంటే ముంబైలో ఇల్లు వెతికిన వాళ్లెవరూ ఒప్పుకోరు. ఈ తరగతులు జనాభాను బట్టి వేసినవి, బాడుగను బట్టి కాదు. అందుకే ఆ కొలత మనకు సగం దారి దాకే తోడొస్తుంది.

ఇంకొక కొలత ధరల సూచీ. లేబర్ బ్యూరో పారిశ్రామిక కార్మికుల కోసం దేశంలో 88 కేంద్రాల్లో ధరలు సేకరించి నెలనెలా సూచీ వెలువరిస్తుంది. ఒక ఊరి సూచీ 150, ఇంకో ఊరిది 140 అని పేపర్లో చదివి, మొదటి ఊరు ప్రియం అనుకుంటాం. అది పొరపాటు. ప్రతి కేంద్రాన్నీ 2016లో 100 అనుకుని మొదలుపెట్టారు. అక్కడినుంచి ఎవరి ధర ఎంత పెరిగిందో మాత్రమే ఆ అంకె చెబుతుంది. ఇద్దరు పిల్లల్లో ఈ ఏడాది ఎవరు ఎక్కువ పెరిగారో చెప్పే కొలత అది. ఇద్దరిలో ఎవరు పొడుగో చెప్పదు.

2012 ధరలను ఆధారం చేసుకుని చాలా ఏళ్లు నడిచిన జాతీయ వినియోగ ధరల సూచీలో ఇంకో విశేషం ఉంది. ఇంటి బాడుగను పట్టణాలకే లెక్కించారు. పల్లెల లెక్కలో బాడుగ లేనే లేదు. పల్లె మనిషి పట్నం పోగానే కొత్తగా నెత్తిన పడే ఖర్చు ఏదో, ఆ సూచీ చెప్పకుండానే చెప్పింది.

మెర్సర్ అనే సంస్థ ప్రపంచ నగరాల జాబితా విడుదల చేస్తుంటుంది. 2024 జాబితాలో హాంకాంగ్ ప్రపంచంలోనే ఖరీదైన నగరం. మన దేశంలో ముంబై ముందుంది. ఆ జాబితా తమ ఉద్యోగులను దేశం దాటించి పంపే పెద్ద కంపెనీల కోసం తయారయ్యేది. తొండూరు నుంచి బెంగళూరు పోయే ఇంటి అవసరాలు వేరు.

ఇక బస్సూ రైలూ. బాడుగనూ ప్రయాణాన్నీ విడదీసి లెక్క వేయకూడదు. పనికి దగ్గర్లో ఇల్లు తీసుకుంటే బాడుగ పెరుగుతుంది. దూరంగా తీసుకుంటే బాడుగ తగ్గుతుంది కానీ ఛార్జీలు పెరుగుతాయి, రోజులో రెండు మూడు గంటలు దారిలోనే పోతాయి. బెంగళూరు మెట్రోలో 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలకు పెరిగింది. అదే ఏడాది మే నెలలో హైదరాబాదు మెట్రో కూడా 60 నుంచి 75కు పెంచి, జనం గోల పెట్టాక తగ్గించి 69 చేసింది. ముంబైలో మాత్రం లోకల్ రైలు రెండో తరగతి కనీస టికెట్టు 5 రూపాయలే. ఇల్లు అంత ప్రియమైన ఊళ్లో రైలు ఇంత చౌక. కూలి మనిషి దూరాన విరార్‌లోనో కల్యాణ్‌లోనో కాపురముండి ముంబైలో పని చేసుకోగలుగుతున్నాడంటే ఆ లోకల్ రైలు పుణ్యమే. ఆ రైలు లేకపోతే ముంబై సంపాదన బీదవాళ్లకు అందేది కాదు.

నీళ్లు కూడా. 2024 ఎండాకాలంలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల ధరలకు అధికారులే పరిమితి పెట్టాల్సి వచ్చింది. హైదరాబాదులో 2021 నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా నీళ్లు ఉచితం చేశారు. ఇల్లు చూసేటప్పుడు బాడుగ అడిగినట్టే నీళ్ల సంగతీ అడగండి.

తిండి దగ్గరికి వద్దాం. బియ్యం కదిలే సరుకే, కానీ వండి పెట్టే చెయ్యి కదలదు. హోటల్లో భోజనం ధర ఊరికీ ఊరికీ మారేది అందుకే. ఈ సంగతి ప్రభుత్వాలు కూడా గుర్తించాయి. చెన్నైలో 2013లో అమ్మ ఉణవగం తెరిచి రూపాయికి ఇడ్లీ పెట్టారు. 2014లో హైదరాబాదులో 5 రూపాయల భోజనం మొదలైంది. 2017 ఆగస్టులో బెంగళూరులో ఇందిరా క్యాంటీన్లు, 5 రూపాయలకు టిఫిను, 10 రూపాయలకు భోజనం. మన రాష్ట్రంలో 2018 జూలైలో అన్న క్యాంటీన్లు తెరిచారు. మధ్యలో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. పూటకు 5 రూపాయలు. వరుసలో నిలబడే కూలి మనిషికి ఆ పూట ఊరు చౌక. క్యాంటీను మూతపడిన రోజు అదే ఊరు ప్రియం. సంగటీ చెనిక్కాయల ఊరిబిండీ అలవాటైన నాలుకకు ఆ భోజనం రుచించకపోవచ్చు. కడుపు నింపుతుంది.

ఒకే ఊళ్లో ఇద్దరికి రెండు ధరలుంటాయి. హైదరాబాదు అమీర్‌పేటలో ఒకే గదిని నలుగురు పిల్లలు పంచుకుంటే తలా కొంత పడుతుంది. కోచింగ్ కోసం పోయిన మన పిల్లలు ఎన్నో ఏళ్లుగా అట్లే బతుకుతున్నారు. పెళ్లయి, బిడ్డ పుట్టాక ఆ బాడుగ పంచుకునేవాళ్లు ఉండరు. పాలు, బడి, వైద్యం వచ్చి చేరతాయి. కాబట్టి "హైదరాబాదు చౌకన్నా, నేను చూసినాను కదా" అని ఒంటరి పిల్లాడు చెప్పే మాట నమ్మి సంసారం కదిలించకూడదు.

పల్లె అన్నిట్లోనూ చౌకేనా అంటే, కాదు. పెట్రోలు తీసుకోండి. 2025లో బెంగళూరులో లీటరు 103 రూపాయల లోపు ఉంటే, మన రాష్ట్రంలో 109 దాటింది. పెట్రోలు కదిలే సరుకే, కానీ రాష్ట్రం వేసే పన్నూ, సెస్సూ మన దగ్గర ఎక్కువ. తొండూరు నుంచి మోటారు సైకిలు మీద పులివెందుల పోయే రైతు, బెంగళూరులో కారు నడిపే ఉద్యోగి కన్నా లీటరుకు ఎక్కువ డబ్బు పెడుతున్నాడు. బట్టలకు ప్రొద్దుటూరు, పెద్ద రోగానికి కడపో తిరుపతో బెంగళూరో పోవాలి. పల్లె బతుకులో బాడుగ లేదు కానీ దూరం ఉంది. దూరానికి డబ్బు ఖర్చవుతుంది.

పండించిన చోట అన్నీ చౌక అన్నది కూడా ఎప్పుడూ నిజం కాదు. 2023 జూలైలో టమాటా ధర మండిపోయినప్పుడు, టమాటాకు పేరుపడ్డ మదనపల్లె మార్కెట్లోనే మొదటి రకం కిలో 200 రూపాయల దరిదాపుకు పోయింది. టమాటా కూడా కదిలే సరుకే మరి. ఢిల్లీ ధర మదనపల్లె దాకా వచ్చేస్తుంది. మన చీనీకాయలదీ అదే దారి. తోటలో టన్ను లెక్కన అమ్ముతాం. నగరంలో అదే కాయ కిలో లెక్కన అమ్ముడవుతుంది. మధ్యలో కోత కూలి, లారీ బాడుగ, మండీ కమీషన్, నగరంలో పండ్లంగడి బాడుగ. నగరవాసి చీనీకాయ కొన్నప్పుడు ఆ అంగడి నేల బాడుగలో కొంత కూడా కడుతున్నాడు.

ఖర్చు ఎంత పెడుతున్నారన్నదానికి ప్రభుత్వ సర్వే ఉంది. 2023-24 కుటుంబ వినియోగ సర్వే ప్రకారం మన రాష్ట్రం పల్లెల్లో మనిషికి నెలకు సగటున 5,327 రూపాయలు ఖర్చయింది. పట్టణాల్లో 7,182. తెలంగాణ పట్టణాల్లో 8,978. ఇవి ధరలు కావు, జనం పెట్టిన ఖర్చు. చేతిలో ఎక్కువ ఉన్నవాళ్లు ఎక్కువ ఖర్చు పెడతారు. అయినా పల్లె విడిచి హైదరాబాదు పోయే కుటుంబం తలకు ఎంత పెంచుకోవాలో లెక్క వేసుకోవడానికి ఈ అంకెలు పనికొస్తాయి.

ఇప్పుడు చివరి సంగతి. చాలామంది లెక్కలోకి తీసుకోనిది. మీ ఆధార్ కార్డు మీద ఉన్న అడ్రసు.

కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి 'శక్తి' పథకం కింద ఆడవాళ్లకు బస్సు ఉచితం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి 'మహాలక్ష్మి'. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి 'స్త్రీ శక్తి'. మూడు రాష్ట్రాల్లోనూ ఉచితమే. కానీ ఎక్కడి అడ్రసు ఉంటే అక్కడే ఉచితం. తొండూరు అడ్రసుతో బెంగళూరు గార్మెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడమనిషి, పక్క సీటులో కూర్చున్న కర్ణాటక మనిషి టికెట్టు కొననక్కర్లేని బస్సులో, టికెట్టు కొనుక్కోవాలి. ఇద్దరిదీ ఒకే పని, ఒకే జీతం. ఒకామెకు ఆ ఊరు ఇంకాస్త ప్రియం. పోనీ అడ్రసు మార్చుకుందామంటే, సొంతూరికి వచ్చినప్పుడు పల్లెవెలుగు బస్సులో ఛార్జీ కట్టాలి.

బియ్యం విషయంలో ఈ ముడి విప్పారు. 'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు' 2019 ఆగస్టులో మొదలైంది. మొదట కలిపిన జంట రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. అప్పటినుంచి ఇక్కడి కార్డుతో అక్కడ వేలిముద్ర వేసి బియ్యం తీసుకునే వీలు వచ్చింది. హైదరాబాదులో కూలికి పోయిన ఎన్నో కుటుంబాలకు అది పెద్ద ఆసరా.

2019లో బియ్యానికి కుదిరిన ఏర్పాటు, బస్సుకు ఎందుకు కుదరకూడదు? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మూడూ ఒకే పథకాన్ని వేరువేరు పేర్లతో నడుపుతున్నాయి. మూడు రాష్ట్రాల రవాణా సంస్థలు కూర్చుని, పక్క రాష్ట్రం ఆడవాళ్ల టికెట్ల లెక్కను తమలో తాము సర్దుకోవచ్చు. యంత్రంలో కొట్టే ప్రతి సున్నా టికెట్టుకూ ఇప్పుడు లెక్క ఉంది. కడప జిల్లా నుంచి బెంగళూరు పోయి బతుకుతున్న ఆడబిడ్డల తరఫున మన శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు ఈ మాట అడగాలి. అడిగేలా మనం గుర్తుచేయాలి.